తెలిసినవాడు నోరు మూసుకోవాలి

గురి తప్పినా పాయింటు ఇచ్చే ఆట నాకు తెలిసి ఒక్కటే ఉంది, ఆస్ట్రేలియావాళ్ళ ఫుట్‌బాల్. మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు పాతి ఉంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి బంతిని తన్నితే ఆరు పాయింట్లు. అది తప్పి పక్కసందులోంచి పోయినా, పాపం కష్టపడ్డాడు కదా అని ఒక పాయింటు. ఒకప్పుడు ఆ ధర్మబుద్ధికి ముచ్చటపడి ఆ ఆటకి బానిసనయ్యాను. ఇప్పుడు టీవీలో ఆ కోలబంతి కనిపిస్తే చాలు, ఒళ్ళు మండి ఛానల్ మార్చేస్తాను. "ఆట ఏం చేసిందండీ, మనుషులు చేశారు గానీ" అంటుంది మా ఆవిడ. ఆవిడ అన్నది నిజమే. అయినా మార్చేస్తాను.

ఎనభైల మధ్యలో మేం మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. డెట్రాయిట్ చుట్టూ ఉన్న చాలామంది మనవాళ్ళలాగే నాదీ కార్ల మీద బతుకు. సైలెన్సర్లు తయారుచేసే ఒక కంపెనీలో, అవి ఎంత చప్పుడు చేస్తున్నాయో, ఎంత అదురుతున్నాయో కొలిచే సెక్షన్‌లో ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. ఆ సెక్షన్‌లో అందరికంటే చివర చేరింది నేను. నాకు ముందు చేరింది నా పక్క టేబులు ఆయన. గుంటూరువైపు మనిషి, వయసులోనూ నాకంటే పెద్ద. మంచులో కారు జారితే బ్రేకు తొక్కకూడదని నాకు నేర్పింది ఆయనే. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రికి చారూ అన్నమూ మోసుకొచ్చింది వాళ్ళావిడే. నేను ఆయన్ని అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. పేరు రాయను. నోటికి చేదుగా ఉన్నా అన్నయ్య అనే రాస్తాను, అలవాటైన మాట అదే కాబట్టి.

అన్నయ్య ఇంట్లో కేబుల్ ఉండేది. క్రికెట్ చూపించే నాథుడు లేని రోజులవి. కొత్తగా పెట్టిన ఆటల ఛానల్ ఒకటి, చూపించడానికి సరుకు లేక కాబోలు, ఆస్ట్రేలియాలో ఎప్పుడో అయిపోయిన మ్యాచ్‌ల టేపులు తెచ్చి వేసేది. ఆదివారం మధ్యాహ్నాలు అన్నయ్య బేస్‌మెంట్‌లో చేరి అవి చూసేవాళ్ళం. మొత్తం నలుగురం. అన్నయ్య, నేను కాక వరంగల్ మిత్రుడొకడు, భీమవరం మిత్రుడొకడు. వాళ్ళిద్దరివీ వేరే కంపెనీలు. భీమవరం ఆయన క్రైస్తవుడు. ఎవరో ఒకరి హాల్లో తెలుగు ప్రార్థన ముగించుకుని టైతోనే తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగేవాడు. ఆడవాళ్ళూ పిల్లలూ పైన ఉండేవాళ్ళు. కిందికి మిరపకాయ బజ్జీలు మాత్రం వచ్చేవి.

మొదట నవ్వుకోవడానికే చూశాం. గోలు పడగానే తెల్లకోటూ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు ముందుకొచ్చి, రెండు చేతులూ నడుం దగ్గర ముందుకి చాచి వేళ్ళు చూపించేవాడు. ఆయనకి డాక్టరు గారని పేరు పెట్టాం. ఆటగాళ్ళ పేర్లు ఆ యాసలో మాకు అందేవి కావు. అందుకని పొడుగాయన, బట్టతల, పిల్లిమీసాలు అని మేమే నామకరణాలు చేసేశాం. రెండో ఏడాదికల్లా నవ్వు పోయి పిచ్చి పట్టింది. తలో జట్టూ ఎంచుకున్నాం. వరంగల్ మిత్రుడి బావమరిది మెల్‌బోర్న్‌లో డాక్టరు. ఆయన వారంవారం అక్కడి పేపర్లలో ఆటల పేజీలు చించి ఎయిర్‌మెయిల్‌లో పంపేవాడు. అవి చదివి, ఎవడు ఫామ్‌లో ఉన్నాడు, ఎవడి మోకాలు అరిగింది, ఎవణ్ణి ఇచ్చి ఎవణ్ణి తెచ్చుకోవాలి అని గొంతులు చించుకునేవాళ్ళం. అక్కడ కూడా కొత్తగా డ్రాఫ్ట్ పెట్టారనీ, అడుగున ఉన్న జట్టుకి కుర్రాళ్ళని ముందు ఏరుకునే హక్కు ఇస్తారనీ పేపర్లో వచ్చాక ఇక మా నోళ్ళకి పట్టపగ్గాల్లేవు. ఆ పల్లెటూరి పిల్లల్లో ఒక్కణ్ణీ మేం కళ్ళతో చూడలేదు. అయినా ఫలానావాణ్ణి తీసుకుంటే జట్టు మునిగిపోతుందని బల్ల గుద్ది చెప్పేవాళ్ళం.

ఒక చిక్కు ఉండేది. టీవీలో మేం చూసేది పాత మ్యాచ్. పేపరు ఎంత ఆలస్యంగా వచ్చినా టీవీకంటే ముందుండేది. ఒకసారి వరంగల్ మిత్రుడు మ్యాచ్ మొదలుకాకముందే ఎవరు గెలిచారో నోరు జారాడు. నేను లేచి అరిచాను. తెలిసినవాడు నోరు మూసుకోవాలి, లేకపోతే అందరి ప్లేట్లూ వాడే కడగాలి అన్నాను. నలుగురం ఒప్పుకున్నాం. అప్పటినుంచి అదే మా రూల్. పేపర్లు ముందు చదివినవాడు ముఖంలో కూడా ఏమీ కనిపించనివ్వకూడదు.

ఆ రూల్ నా మీద ఎలా పనిచేసిందో చెప్పాలి. నా జట్టులో పొడుగాయన అంటే నాకు ప్రాణం. ఆట మొదలయ్యేటప్పుడు అంపైరు బంతిని నేలకేసి కొడితే, అది పైకి లేవగానే ఎగిరి దాన్ని తనవాళ్ళ వైపు తట్టేవాడు. వయసు మీద పడింది, ఎగరడం తగ్గింది. "ముసలెద్దు. ఇచ్చేయండి ఎవరికైనా" అన్నాడు అన్నయ్య. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక మధ్యాహ్నమంతా పొడుగాయన తరఫున వాదించాను. ఆయన లేకపోతే ఆ జట్టే లేదన్నాను. ఆయన్ని వదులుకునే మొనగాడు ఆ క్లబ్బులో ఇంకా పుట్టలేదన్నాను. వరంగల్ మిత్రుడు బజ్జీలు తింటూ తల ఊపుతున్నాడు. ఆట అయిపోయాక జేబులోంచి పేపరు తీసి నా చేతిలో పెట్టాడు. పొడుగాయన్ని వేరే క్లబ్బుకి ఇచ్చేసి అప్పటికే చాలా రోజులైంది. ముగ్గురూ పడీపడీ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. రూల్ పెట్టింది నేనే, ఇంక ఎవరిని తిట్టను?

ఆ తర్వాతి చలికాలం మొదట్లో కాలిఫోర్నియా నుంచి ఫోన్ వచ్చింది. నాతో ఇంజనీరింగ్ చదివినవాడు సన్నీవేల్‌లో ఉన్నాడు. కంప్యూటర్లలో పెట్టే డిస్క్ డ్రైవులు చేసే కంపెనీ. అవి తిరిగేటప్పుడు అదురుతున్నాయి, ఆ అదురు కొలిచేవాడు కావాలి, నీకు సైలెన్సరైతేనేం, డిస్కయితేనేం అన్నాడు. వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. ఆఫర్ ఇచ్చారు. బుధవారంలోగా సంగతి చెప్పమన్నారు. మా ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు. "ఆ మంచు పార ఇక్కడే గోడకి ఆనించి పోదాం" అంది. నాకు మాత్రం మనసు వెనక్కి లాగింది. ఆరేళ్ళుగా కుదురుకున్న చోటు, నమ్మకమైన ఉద్యోగం, ఈ బేస్‌మెంట్. కొత్త కంపెనీ రెండేళ్ళకే బోర్డు తిప్పేస్తే ఏం చేయాలి? ఆదివారం అన్నయ్యని అడిగి తేల్చుకుందామనుకున్నాను.

ఆ ఆదివారం బజ్జీలు వచ్చాక సంగతి చెప్పాను. టీవీలో ఆట నడుస్తోంది. సన్నీవేల్ అనగానే వరంగల్ మిత్రుడు చేతిలో బజ్జీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అయితే మనోణ్ణి ట్రేడ్ చేస్తున్నరన్నట్టు" అన్నాడు, నవ్వబోయి.

"ట్రేడేంటి, మన చేతికి బదులేం వస్తుంది?" అన్నాడు అన్నయ్య. "నలుగురు కాలిఫోర్నియా కుర్రాళ్ళని ఇచ్చినా వీణ్ణి ఇవ్వను నేను. తమ్ముడూ, సీరియస్‌గా చెప్తున్నా విను. నేను పక్కనే కూర్చుని రోజూ చూస్తున్నాగా. ఆ సెక్షన్ నడిచేది నీ వల్ల. మొన్న ఆ ట్రక్కు సైలెన్సర్ ఎందుకు పగులుతోందో ఎవడు కనిపెట్టాడు? నువ్వు. బాస్ నీ రిపోర్టు చదవకుండా సంతకం పెడతాడు, నాదైతే రెండుసార్లు చదువుతాడు. నీలాంటివాణ్ణి ఏ కంపెనీ వదులుకుంటుంది చెప్పు? వచ్చే ఏడాదికి నిన్ను లీడ్ చేస్తారు, రాసిపెట్టుకో."

"కానీ అక్కడ జీతం ఎక్కువ అన్నయ్యా."

"రెంట్లు చూశావా అక్కడ? పసిపిల్లని పెట్టుకుని అపార్ట్‌మెంట్‌లో పడుంటావా? ఫామ్‌లో ఉన్నవాడు టీమ్ మారకూడదు. ఇన్నేళ్ళుగా మనం చూస్తున్న ఆటలో నేర్చుకున్నది అదే కదా."

నన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నాడని నాకు తట్టలేదు. ఆ మాటలు వింటుంటే కడుపు నిండిపోయింది. అప్పటివరకు ఏ బాసూ, ఏ మాస్టారూ, చివరికి మా నాన్న కూడా నా పని గురించి అంత విడమరిచి మెచ్చుకోలేదు. మిగతా ఇద్దరూ టీవీలోకే చూస్తున్నారు. భీమవరం మిత్రుడు మంచినీళ్ళకని పైకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆటలో గోలు మీద గోలు పడుతోంది, డాక్టరు గారు వేళ్ళు చూపిస్తూనే ఉన్నాడు. నేను అన్నయ్య మాటల్ని మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటున్నాను.

మంగళవారం సన్నీవేల్‌కి ఫోన్ చేసి రానని చెప్పేశాను. మా ఆవిడ పార పట్టుకుని బయటికి వెళ్ళి, తవ్వక్కర్లేని చోట కూడా మంచు తవ్వింది.

పండగ సెలవులకి ముందు శుక్రవారం బాస్ నన్ను గదిలోకి పిలిచాడు. సెక్షన్‌లో ఒకరిని తగ్గించమని పైనుంచి ఆర్డర్ వచ్చిందట. చివర చేరినవాణ్ణి నేను కాబట్టి నేనే. చాలా బాధగా ఉందన్నాడు. నా రిపోర్టులు ఆయనకి ఎంతో ఇష్టమట. అట్టపెట్టెలో నా సామాను సర్దుకుంటుంటే పక్క టేబులు ఖాళీగా ఉంది. అన్నయ్య ఆ రోజు సెలవు పెట్టాడు. ఒంట్లో బాగాలేదేమో, సాయంత్రం ఫోన్ చేసి కనుక్కుందామనుకున్నాను. అంత వెర్రిబాగులవాణ్ణి.

ఇంటికి రాగానే సన్నీవేల్‌కి ఫోన్ చేశాను. ఆ ఉద్యోగంలో ఇంకొకతను చేరిపోయి వారమైందని నా స్నేహితుడు చెప్పాడు. వాడి గొంతులో జాలి వినిపించి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే భీమవరం మిత్రుడు వచ్చాడు. కోటు విప్పకుండా, సోఫా అంచున కూర్చుని, నేను అడగకుండానే చెప్పేశాడు. "మాకు ముందే తెలుసండీ. మీరు సన్నీవేల్ గురించి చెప్పక ముందునుంచే తెలుసు. బాస్ మీ అన్నయ్యతో అన్నాడంట. ఆయన మా ఇద్దరికీ గ్రోసరీకి వెళ్తూ కార్లో చెప్పాడు. మీకు తనే చెప్తానన్నాడండీ. ఆ రోజు చెప్తాడనే నేను కూర్చున్నాను. తీరా చూస్తే లీడ్ అంటాడు, ఫామ్ అంటాడు, వినలేక మంచినీళ్ళని పైకెళ్ళిపోయాను... దేవుడి ముందు చెప్తున్నాను, నాకు ప్రార్థనలో నోరు పెగల్లేదండీ ఇన్నాళ్ళూ."

ఆయన్ని తిట్టలేకపోయాను, ఎదురుగా కూర్చుని ఏడుస్తున్నాడు కాబట్టి. వరంగల్ మిత్రుడికి ఫోన్ చేసి తిట్టాను. వాడు ఏమన్నాడో తెలుసా? "నేనేం చెయ్యాలె? తెల్సినోడు నోరు మూసుకోవాలన్నది నువ్వే కదా. ఆయన చెప్తనన్నడు, నేను మధ్యల దూరుడెందుకని ఊకున్న." నేను ఆట గురించి పెట్టిన రూలు అది. వాడు దాన్ని తీసుకెళ్ళి నా కూడు మీద పెట్టాడు.

మనవాళ్ళకి ఒక జబ్బు ఉంది. ఎదుటివాడి ముఖం మీద చెడ్డ కబురు చెప్పరు. మొహమాటం అంటారు దాన్ని, అదేదో సుగుణం అయినట్టు. భూమికి అవతలివైపు గడ్డి మీద పరిగెడుతున్నవాణ్ణి ముసలెద్దు, కుంటి గుర్రం, గెంటేయండి అని నిర్మొహమాటంగా అరిచిన నోళ్ళే అవి. వాడికి మా అరుపు వినిపించదు, మా వల్ల వాడికి పోయేదీ లేదు. నేనేమో వాళ్ళ పక్కనే కూర్చుని ఒకే ప్లేట్లో బజ్జీలు తింటున్నాను. నిజం ఒక్కటి నా చెవిన పడితే మా బతుకు నిలబడేది. ఆ ఒక్కటీ చెప్పడానికి ఏ ఒక్కడికీ నోరు రాలేదు.

కారు తీసుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఇంటిముందు మంచు తీస్తున్నాడు. జబ్బూ లేదు గిబ్బూ లేదు. నన్ను చూసి పార వదిలేసి "లోపలికి రా తమ్ముడూ, చలిగా ఉంది" అన్నాడు.

"లోపలికి రాను. ఎందుకు చెప్పలేదో చెప్పు, పోతాను."

"ఆఫీస్ కాన్ఫిడెన్షియల్ తమ్ముడూ. బాస్ నా మీద నమ్మకంతో..."

"కాన్ఫిడెన్షియలైతే వాళ్ళిద్దరికీ ఎలా చెప్పావు? కారులో కబుర్లకి పనికొచ్చిందా నా ఉద్యోగం?"

"నీ మనసు పాడుచేయడం ఎందుకని... చివరి నిమిషంలో ఆర్డర్ మారుతుందేమోనని..."

"చెప్పకపోతే చెప్పకపోయావు. సన్నీవేల్‌కి పో అని ఒక్క మాట అనొచ్చుగా! పొమ్మంటే నీ సొమ్మేం పోయింది?"

ఆయన వంగి పార అందుకోబోయాడు. ఈలోగా వాళ్ళావిడ తలుపు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. ఆసుపత్రికి చారు తెచ్చిన మనిషి. నా వైపు చూడలేదు. మొగుడి వైపు చూసి, "చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. నా వల్ల కావట్లేదు ఇంక" అంది.

అప్పుడు చెప్పాడు. ఆర్డర్ ప్రకారం ఆ రోజుకి కుర్చీల్లో ఉన్నవాళ్ళలోంచి ఒకరిని తీసేయాలట. ముందే తనంతట తాను వెళ్ళిపోయినవాడు లెక్కలోకి రాడట. నేను సన్నీవేల్ వెళ్ళిపోయి ఉంటే నా కుర్చీ ఉత్తినే ఎగిరిపోయేది, దానిమీద ఇంకొకరు పోవాల్సి వచ్చేది. నా తర్వాత వరసలో ఉన్నది ఆయనే.

"పిల్లాడి కాలేజీ తమ్ముడూ. ఈ వయసులో నన్నెవడు తీసుకుంటాడు? నీకు చిన్న వయసు, ఎక్కడైనా దొరుకుతుంది" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గడ్డకట్టే చలి కదా, బుగ్గల మీద అలాగే నిలిచిపోయాయి.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా కోపం కాస్త దిగింది. పిల్లలున్నవాడు భయపడ్డాడు. భయంలో మనిషి ఏదైనా చేస్తాడు. నేనూ చేసేవాణ్ణేమో. ఒక్కటి తేలిపోతే క్షమించి వెళ్ళిపోదామనిపించింది. "సరే. ఆ ఆదివారం నన్ను ఆపడానికి చెప్పినవన్నీ అబద్ధాలేగా? ట్రక్కు సైలెన్సరూ, రిపోర్టులూ, నా వల్లే సెక్షన్ నడుస్తోందనడం?" అని అడిగాను. అవునంటాడనే అడిగాను.

ఆయన నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "ఛ, అబద్ధాలెందుకు చెప్తాను తమ్ముడూ? ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ సెక్షన్‌లో నీ అంత పనివాడు లేడు. నాకంటే నువ్వే మేలు. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఎవడికీ తెలీదు."

అబద్ధమని ఉంటే క్షమించేవాణ్ణి. నా విలువ తెలియనివాడు నన్ను అమ్ముకుంటే సరే అనుకోవచ్చు. ఈయన నా విలువంతా తెలిసి, దాన్నే ఎరగా గుచ్చి నన్ను పట్టాడు. కారెక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన ముఖం చూడలేదు. ఆ వారంలో వాళ్ళావిడ పంపిన గిన్నె మా ఆవిడ తీసుకుంది, ఖాళీ చేసి కడిగి పంపింది. ఆడవాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆ చలికాలమంతా ఇంట్లోనే ఉన్నాను. మా ఆవిడ ఒక దుకాణంలో పనికి కుదిరింది. ఎండాకాలానికి జార్జియాలో, అల్ఫారెట్టాకి దగ్గర్లో, పంపులు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. జీతం మిషిగన్‌లో కంటే తక్కువ. అక్కడ మంచు లేదని మా ఆవిడ సంతోషించింది. నేను పని మాత్రం మునుపటిలాగే చేశాను, ఇంకోలా చేయడం నాకు చేతకాదు.

ఏడాది తిరిగేసరికి కొత్త బాస్ నా టేబులు దగ్గరికి వచ్చాడు. మంచి మనిషి, జార్జియా యాసలో నెమ్మదిగా మాట్లాడేవాడు. భుజం మీద చెయ్యి వేసి, అందరూ వింటుండగా, నీలాంటివాడు ఈ కంపెనీలో ఇంకొకడు లేడు, నువ్వు లేకపోతే మా పని ఆగిపోతుంది అన్నాడు. చప్పట్లు కొట్టారు. థాంక్యూ చెప్పాను. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, వేరే ఉద్యోగాలకి అప్లికేషన్లు రాయడం మొదలుపెట్టాను.